“నువ్వే కదరా చెప్పావు” అంది మా అమ్మ

మీ నాన్నగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు, నాలుగూళ్ళు తిరిగిన మనిషి. అయినా వాట్సాప్‌లో వచ్చిందల్లా ఎందుకు నమ్ముతున్నారు, అబద్ధమని ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ ఎందుకు మొదటికే వస్తున్నారు అని అడిగారు. ఆయన చదువుని అనుమానించకండి. విన్న మాట మనసులో ఉండిపోతుంది. అది ఎవరు చెప్పారు, నిజమన్నారా అబద్ధమన్నారా అన్నది మాత్రం ముందే చెరిగిపోతుంది. ఈ సంగతి నాకు మా అమ్మ దగ్గర తెలిసొచ్చింది.

అమ్మకి 69 ఏళ్ళు. అమలాపురం దగ్గర మా ఊళ్ళోనే ఉంటుంది. పదేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటోంది. ఒకరోజు బంధువుల గ్రూపులో వీడియో వచ్చింది: పరగడుపున మునగాకు రసం తాగితే 40 రోజుల్లో బీపీ మాత్ర మానేయొచ్చట. నిజమేనా అని నాకు ఫోన్ చేసింది. అబద్ధమని చెప్పాను. నాకు భయం వేసి, ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా నేనే ఆ మాట ఎత్తేవాణ్ణి. “మునగాకు రసంతో బీపీ పోతుందన్నది అబద్ధమమ్మా.” ప్రతిసారీ సరే అనేది.

సంక్రాంతికి వెళ్ళేసరికి మాత్రల షీట్లు అలాగే ఉన్నాయి. బీపీ చూపిస్తే పై అంకె 170 దాటింది. ఎవరు చెప్పారమ్మా మాత్ర మానేయమని అంటే, “నువ్వే కదరా చెప్పావు, ఫోన్ చేసినప్పుడల్లా మునగాకు సంగతే కదా” అంది. మాట తప్పించుకోవడానికి అన్నది కాదు. నిజంగానే ఆవిడకి అలా గుర్తుంది.

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తర్వాత చదివితే తెలిసింది, ఇది మా ఇంటికే పరిమితం కాదని. 2005లో ఇయన్ స్కర్నిక్ అనే పరిశోధకుడి బృందం ఒక ప్రయోగంలో పెద్దవయసు వాళ్ళకి కొన్ని మాటలు చూపించి ఇవి అబద్ధమని చెప్పింది. ఎక్కువసార్లు చెప్పినవి కాసేపటిదాకా అబద్ధాలుగానే గుర్తున్నాయి. మూడు రోజులయ్యాక తారుమారైంది. అబద్ధమని ఒక్కసారే చెప్పినవాటికంటే పదేపదే చెప్పినవే నిజమని ఎక్కువగా పొరబడ్డారు. నేను అమ్మకి చేసింది అచ్చం అదే.

వయసు ఒక్కటే కారణమనీ అనుకోకండి. 1977లో హాషర్, గోల్డ్‌స్టైన్, టాపినో అనే పరిశోధకులు అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీదే చేసిన ప్రయోగంలో, రెండేసి వారాల తేడాతో మళ్ళీ మళ్ళీ ఎదురైన వాక్యాలు వాళ్ళకి మరింత నిజమనిపించాయి, అవి అబద్ధాలైనా సరే. ఇలాంటి ప్రయోగంలోనే లీసా ఫాజియో అనే పరిశోధకురాలు, ఆవిడ సహచరులు 2015లో వాడిన ఒక అబద్ధపు వాక్యం మనకి భలే తమాషాగా ఉంటుంది: స్కాట్లాండ్ వాళ్ళు కట్టుకునే కుచ్చుల పొట్టి లంగాని చీర అంటారు! అసలు జవాబు తెలిసినవాళ్ళ మీద కూడా ఇలాంటి మాటల పునరుక్తి పనిచేసింది. ముందే విన్న మాటని మెదడు తేలిగ్గా అందుకుంటుంది, ఆ తేలికనే నిజం అనుకుంటుంది. 2016లో కొత్త 2000 నోటులో చిప్ ఉందని నేనూ నమ్మాను. టీవీలో విన్నాను, ఆఫీసులో విన్నాను, ఆటోలో విన్నాను. మూడుచోట్లా తిరుగుతున్నది ఒకటే పుకారని తట్టలేదు.

ఇక మా ఇంట్లో ఏం పనిచేసిందో చెబుతాను. మునగాకు మాట ఎత్తడం పూర్తిగా మానేశాను. దాని బదులు “మాత్ర రోజూ వేసుకోవాలని డాక్టర్ గారు చెప్పారు” అన్న ఒక్క మాటే, ఎవరు చెప్పారో కలిపి, ప్రతిసారీ అంటున్నాను. మాటలు గుర్తుండిపోయేది మళ్ళీ మళ్ళీ వినడం వల్లే అయితే, నిజాన్నే వినిపిద్దాం అనిపించింది. బీపీ మిషన్ కొని, నోటుబుక్కులో అంకె రాయడం అలవాటు చేశాను. తన చేత్తో రాసుకున్న అంకెని అమ్మ ఏ వీడియో కంటే ఎక్కువ నమ్ముతుంది. మీ నాన్నగారు లెక్కల మాస్టారు కాబట్టి ఈ దారి ఆయనకి ఇంకా బాగా నప్పుతుంది.

ఇంకోటి, గ్రూపులో నలుగురి ముందూ ఆయన్ని సరిదిద్దకండి. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాల పుకార్లు పాకినప్పుడు, గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊళ్ళలోకి పంపి జనంతో ఎదురుగా మాట్లాడించారు, డప్పు పాటలు పాడించారు. ఎదురుగా కూర్చుని చెప్పిన మనిషి ముఖం, మాటతోపాటే గుర్తుండిపోతుంది.

మా అమ్మ మునగాకు రసం ఇంకా తాగుతోంది. డాక్టర్ గారిని అడిగాం, తాగితే తాగనివ్వండి అన్నారు. పొద్దున్నే మాత్ర వేసుకుని, నోటుబుక్కులో టిక్కు పెట్టి, ఆ తర్వాతే గ్లాసు అందుకుంటోంది.