లెసిథిన్ పొడిలో పీసీ తక్కువొచ్చింది: సరఫరాదారును చట్టపరంగా పట్టుకోగలమా?

ప్రశ్న: మాది చిన్న ఫార్ములేషన్ సంస్థ. సప్లిమెంట్ క్యాప్సూల్స్, ఒక ఫేస్ క్రీమ్ తయారు చేసి అమెరికా, యూరప్ కంపెనీలకు ఇస్తాం. ఫాస్ఫాటిడిల్‌కోలిన్ (పీసీ; లెసిథిన్‌లో ఉండే ఫాస్ఫోలిపిడ్లు అనే భాస్వరపు కొవ్వుల్లో ఒకటి) కోసం విదేశీ సరఫరాదారు దగ్గర సోయా లెసిథిన్ పొడి కొన్నాం. సీఓఏలో (సరుకుతో ఇచ్చే పరీక్ష ఫలితాల పత్రం) 'ఫాస్ఫోలిపిడ్లు 95 శాతం' అని ఉంది. ఒక్కో క్యాప్సూల్‌లో 300 మిల్లీగ్రాముల పొడి నింపి, లేబుల్‌పై 'పీసీ 300 మి.గ్రా.' అని వేశాం. బయటి ల్యాబ్‌లో చేయిస్తే పొడిలో పీసీ 22 శాతమే అని తేలింది. సరఫరాదారు 'మా సరుకు సరిగ్గానే ఉంది' అంటున్నాడు. ఆర్డర్‌కు ముందు ఈమెయిల్‌లో 'ఫుడ్, కాస్మెటిక్, ఫార్మా మూడింటికీ పనికొస్తుంది' అని రాసిచ్చాడు. మా డబ్బు వెనక్కి వస్తుందా? ఇంకో సంగతి: ఒక మందుల కంపెనీ ఇంజెక్షన్ కోసం మా దగ్గరున్న పొడి కొంటామని అడుగుతోంది. ఇవ్వొచ్చా?

జవాబు: రెండో ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో: ఇవ్వకండి. కారణం చివర్లో రాస్తాను. మొదటిది కాస్త చిక్కుతో కూడినది.

మీరు పంపిన సీఓఏలో ఆ 95 శాతం వరుసలోనే చివర 'అసిటోన్‌లో కరగని పదార్థం' అని పరీక్ష పద్ధతి ఉంది. మీ వివాదమంతా ఆ మూడు మాటల మీదే నడుస్తుంది. లెసిథిన్‌ను అసిటోన్‌తో కడిగితే నూనె కరిగి పోతుంది, మిగిలినదాన్ని తూకం వేసి శాతం చెబుతారు. ఆ మిగిలినదాంట్లో పీసీ ఒక్కటే ఉండదు. ఫాస్ఫాటిడిల్‌ఇథనోలమైన్, ఫాస్ఫాటిడిల్‌ఇనోసిటాల్, ఫాస్ఫాటిడిక్ ఆమ్లం, గ్లైకోలిపిడ్లు, కొంత చక్కెర పదార్థం అన్నీ ఉంటాయి. నూనె తీసేసిన సోయా లెసిథిన్ పొడిలో ఈ అంకె 95 దాటడం, పీసీ మాత్రం 20, 25 శాతం దగ్గర ఉండటం మామూలే. అంటే ఆ సీఓఏ తప్పుడు కాగితం కాదు. దాన్ని మోసానికి సాక్ష్యంగా చూపించబోతే మొదటి వాయిదాలోనే కేసు బలహీనపడుతుంది. పర్చేజ్ ఆర్డర్‌లో మీరు రాసింది కూడా 'లెసిథిన్ పొడి, ఫాస్ఫోలిపిడ్లు 95 శాతం' అనే. పీసీ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

అలాగని దారి మూసుకుపోలేదు. మీ బలమంతా ఈమెయిళ్లలో ఉంది. 'క్యాప్సూల్ లేబుల్‌పై పీసీ 300 మి.గ్రా. చూపించాలి, దానికి సరిపోయే గ్రేడ్ ఇవ్వండి' అని ఆర్డర్‌కు ముందే మీరు అడిగారు. అవతలి మనిషి 'ఇదే సరిపోతుంది' అని జవాబిచ్చాడు. అంతర్జాతీయ సరుకుల అమ్మకంపై 1980 నాటి వియన్నా ఒప్పందం 35వ అధికరణం ప్రకారం, కొనేవాడు తన ప్రత్యేక అవసరాన్ని ముందే తెలియజేస్తే సరుకు ఆ అవసరానికి పనికొచ్చేలా ఉండాలి. మీ రెండు దేశాలూ అందులో సభ్యులై, మీ ఒప్పందం దాన్ని పక్కన పెట్టకపోతే ఆ నియమం మీకు నేరుగా వర్తిస్తుంది. సభ్యత్వం లేకపోయినా చాలా దేశాల సరుకుల అమ్మకం చట్టాల్లో ఇలాంటి సూత్రమే ఉంటుంది. ఏ దేశపు చట్టం వర్తిస్తుందో, వివాదం కోర్టుకు వెళ్లాలో ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) వెళ్లాలో ప్రొఫార్మా ఇన్వాయిస్ (ఆర్డర్‌కు ముందు అమ్మేవాడు ఇచ్చే బిల్లు) వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు అది వెతకండి.

అవతలి లాయరు ఏమంటాడో కూడా చెబుతాను, సిద్ధంగా ఉండాలి కాబట్టి. 'వీళ్లు ఫార్ములేషన్ చేసేవాళ్లు, అసిటోన్ పరీక్ష అంటే ఏమిటో తెలియని వాళ్లు కాదు, మా మాట మీద ఆధారపడ్డామనడం కుదరదు' అంటాడు. ఆ వాదనకు బలం ఉంది. అదే అధికరణం, అమ్మేవాడి నైపుణ్యంపై కొనేవాడు ఆధారపడకపోయినా, అలా ఆధారపడటం సబబు కాకపోయినా ఈ రక్షణ ఉండదంటుంది. అందుకే ఈమెయిళ్ల వరస మొత్తం, హెడర్లతో సహా, ఒక్కటీ చెరిపేయకుండా భద్రం చేయండి. అవతలి వాడు ఫోన్‌లో ఒప్పుకున్నవి ఉంటే, 'మీరు ఫలానా రోజు ఇలా చెప్పారు' అని రాసి ఈమెయిల్ పెట్టండి. కాదనకపోతే అది మీకు ఉపయోగపడుతుంది.

ఇక గడువు. ఈ వ్యవహారంలో నాకు ఎక్కువ టెన్షన్ దీని గురించే. అదే ఒప్పందంలోని 38, 39 అధికరణాల ప్రకారం సరుకు అందాక వీలైనంత త్వరగా పరీక్షించుకోవాలి. లోపం కనిపెట్టాక, లేదా కనిపెట్టి ఉండాల్సిన సమయం నుంచి, సమంజసమైన వ్యవధిలో ఆ లోపం ఏమిటో స్పష్టంగా తెలపాలి. ఏమైనా సరుకు చేతికొచ్చిన రెండేళ్లు దాటితే హక్కు పోతుంది. ఒప్పందంలో ఇంతకంటే చిన్న గడువు రాసి ఉండొచ్చు, అది కూడా చూడండి. 'సరుకు బాగోలేదు' అని రాస్తే చాలదు. బ్యాచ్ నంబరు, ల్యాబ్ వాడిన పద్ధతి, వచ్చిన అంకె, మీరు చెప్పిన అవసరం నాలుగూ ఉండాలి. ఈ వారంలోనే పంపండి. లీగల్ నోటీసు భాష దిద్దుకుంటూ కూర్చోవద్దు, అది తర్వాత పంపొచ్చు.

ల్యాబ్ రిపోర్టులో మీరు శాంపిల్ తీసిన తీరు గురించి ఒక్క మాటా లేదు. తెరిచిన డ్రమ్ పైభాగం నుంచి తీశారా, సీలు ఉన్న డ్రమ్ నుంచా? ఈ పొడి గాల్లో తేమను పీల్చుకుంటుంది, వేడికి, వెలుతురుకు ఆక్సీకరణ చెందుతుంది. మీ గోడౌన్‌లోనే పాడైందని అవతలివాడు అనకుండా, సీలు తీయని డ్రమ్‌ను ఇద్దరికీ సమ్మతమైన ల్యాబ్ మనిషి ముందు తెరిచి, మూడు భాగాలు చేసి, సంతకాలతో సీలు వేయండి. పీసీ కొలవడానికి హెచ్‌పీఎల్‌సీ గానీ ఫాస్ఫరస్ ఎన్‌ఎమ్‌ఆర్ గానీ (ఒక్కో ఫాస్ఫోలిపిడ్‌ను విడిగా కొలిచే ల్యాబ్ పద్ధతులు) అడగండి. మిగిలిన సరుకు వాడకండి. వాడేస్తే ఒప్పందం రద్దు చేసి పూర్తి డబ్బు అడగడం కష్టమవుతుంది, ధర తగ్గింపో నష్టపరిహారమో మాత్రం అడగొచ్చు.

సరఫరాదారుతో గొడవ ఒక ఎత్తు, మీ బాధ్యత ఇంకో ఎత్తు. 22 శాతం లెక్కన ఒక్కో క్యాప్సూల్‌లో ఉన్నది 66 మిల్లీగ్రాముల పీసీ. లేబుల్‌పై 300 ఉంది. తప్పుడు లేబుల్‌కు చట్టం ముందు అడిగేది మిమ్మల్ని, మీ పేరు మీద అమ్మేవాళ్లను. అమెరికాలో 2007 నాటి సప్లిమెంట్ తయారీ నియమాల ప్రకారం సప్లిమెంట్‌లో వాడే ప్రతి క్రియాశీల ముడిపదార్థం అదేనని నిర్ధారించే పరీక్ష తయారీదారే చేయాలి. ఆ ఒక్క విషయంలో సరఫరాదారు సీఓఏ చాలదు. మిగతా ప్రమాణాలకు సీఓఏని నమ్మవచ్చు గానీ, ఆ సరఫరాదారు నమ్మదగినవాడని మీరు ముందే పరీక్షించి రుజువు చేసుకుని ఉండాలి, సీఓఏలో పద్ధతి, పరిమితి, అసలు ఫలితం కనిపించాలి. కాబట్టి ఉన్న నిల్వ ఆపేసి, వెళ్లిన బ్యాచ్‌ల గురించి మీ కొనుగోలుదారులకు ఇవాళే రాతపూర్వకంగా చెప్పండి. కేసు తేలేదాకా ఆగుదామనుకుంటే, తెలిసి దాచారన్న ఆరోపణ మీ నెత్తిన పడుతుంది.

అదే లేబుల్‌పై ఇంకో లోపం కనిపించింది. సోయా అన్న మాటే లేదు. అమెరికా 2004 అలర్జీ లేబులింగ్ చట్టంలో బాగా శుద్ధి చేసిన నూనెకు మినహాయింపు ఉంది, సోయా లెసిథిన్‌కు లేదు. యూరప్ జాబితాలోనూ పూర్తిగా శుద్ధిచేసిన సోయా నూనె మినహాయింపుల్లో ఉంది, లెసిథిన్ లేదు. పైగా జన్యుమార్పిడి సోయా నుంచి తీసిందైతే, డీఎన్‌ఏ ఆనవాళ్లు మిగలకపోయినా యూరప్‌లో ఆ సంగతి లేబుల్‌పై రాయాలి. మీ సరఫరాదారు 'నాన్ జీఎమ్' అని నోటితో అన్నాడే తప్ప, పంట నుంచి పొడి దాకా ఐడెంటిటీ ప్రిజర్వ్‌డ్ కాగితాలు (వేరే సోయాతో కలవకుండా విడిగా ఉంచారన్న రుజువు) ఇవ్వలేదు. ఇకముందు పొద్దుతిరుగుడు లెసిథిన్‌కు మారితే ఈ రెండు తలనొప్పులు చాలావరకు తగ్గుతాయి.

ఫేస్ క్రీమ్ విషయంలో నాకు పెద్ద భయం లేదు. లెసిథిన్ అక్కడ మామూలు పదార్థమే, పీసీ శాతంపై మీరు ఏ హామీ ఇవ్వలేదు. యూరప్‌కు 2009 నాటి 1223 నంబరు నిబంధన ప్రకారం బాధ్యత వహించే వ్యక్తి, భద్రతా నివేదిక ఉండాలి. అవి మీ యూరప్ కొనుగోలుదారు చూసుకుంటున్నాడో లేదో అడగండి. సరుకు మీరు అనుకున్నది కాదని తేలింది గనక నివేదికలోని స్పెసిఫికేషన్ కూడా సరిపోవాలి.

ఇప్పుడు ఇంజెక్షన్. 'ఫార్మా గ్రేడ్' అనేది అమ్మకపు మాట. చట్టం చూసేది ఫార్మకోపియా మోనోగ్రాఫ్‌ను (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథంలో ఆ పదార్థానికి రాసిన ప్రమాణం), తయారీ పద్ధతిని, మందు ఏ మార్గంలో శరీరంలోకి వెళ్తుందన్నదాన్ని. నోటితో తీసుకునే మందుకు సరిపోయే లెసిథిన్ రక్తనాళంలోకి వెళ్లేదానికి సరిపోదు. అక్కడ ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) పరిమితి కావాలి, ఎర్ర రక్తకణాలను చీల్చగల లైసో ఫాస్ఫాటిడిల్‌కోలిన్ ఎంతుందో తెలియాలి, ద్రావకాల అవశేషాలు తెలియాలి. నూనె తీయడానికి వాడే హెక్సేన్ ద్రావకానికి ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ) పెట్టిన హద్దు 290 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో 290). మీ సీఓఏలో ఈ వరుసలేవీ లేవు. అమెరికాలో 2012 చట్ట సవరణ తర్వాత ముడిపదార్థాల సరఫరాదారులపై నిఘా పెట్టకపోవడం కూడా మందు నాసిరకమనడానికి కారణమే. అంటే ఆ మందుల కంపెనీ ఇరుక్కుంటే మీ గోడౌన్ దాకా వస్తారు.

వాళ్లు ఏ ఇంజెక్షన్ చేస్తున్నారో కూడా రాతలో అడగండి. పీసీని కొవ్వు కరిగించే సూదిమందుగా అమ్మేవాళ్లు ఉన్నారు. అలాంటి తప్పుడు ప్రచారాలపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరిక లేఖలు ఇచ్చింది. 'ఇది సౌందర్య సాధనమే కదా' అన్న జవాబు నిలవదు. యూరప్ నిర్వచనం ప్రకారం కాస్మెటిక్ అంటే శరీరం బయటి భాగాలకు, పళ్లకు, నోటి లోపలి పొరకు వాడేది, సూదితో ఎక్కించేది కాదు.

ఆ కంపెనీకి అసలు తయారీదారు చిరునామా ఇచ్చి, నేరుగా ఆడిట్ చేసుకుని కొనుక్కోమనండి. వాళ్లు ఒత్తిడి చేసినా ఆ సీఓఏని మీ లెటర్‌హెడ్ మీదకు ఎక్కించి ఇవ్వకండి. తయారీదారు పేరు తీసేసిన ఆ కాగితం మీద సంతకం పెట్టినవాడే రేపు ఆ సరుకుకు జవాబుదారీ.