పాతిల్లు అమ్ముడుపోకముందే కొత్తిల్లు కొనేదానికి అప్పు తేవచ్చా?

ఒంగోల్లో పాతిల్లు బేరానికి పెట్టాం, ఈలోపే నచ్చిన ఫ్లాట్ పోతుందేమోనని మూణ్ణెల్లకి 20 లక్షలు అప్పు తేవచ్చా అని అడిగారు కదండీ. మేము నెల్లూర్లో అచ్చం ఇట్టనే చేశాం, జరిగింది జరిగినట్టు చెప్తా.

మూలాపేటలో నాన్న నా పేరున రాసిచ్చిన ఇల్లు ఉంది, వేదాయపాళెంలో ఫ్లాట్ దొరికింది, ఓనరేమో మే నెలాఖరుకి రిజిస్ట్రేషన్ అయిపోవాలన్నాడు. హోమ్ లోన్ పోను 18 లక్షలు తక్కువపడితే బంగారం బ్యాంకులో పెట్టి 8, తెలిసినాయనకి ప్రోనోటు రాసి రెండు రూపాయల వడ్డీకి 10 తెచ్చాం. నెలకి 20 వేలు, మూణ్ణెల్లకి 60 వేలేగా అనుకున్నాం. కట్టింది తొమ్మిది నెలలు, లక్షా 80 వేలు, గోల్డ్ లోన్ వడ్డీ మళ్ళీ వేరే.

ఎందుకంటే ఆషాఢంలో ఇల్లు చూసేదానికి కూడా ఎవరూ రాలా. శ్రావణంలో కావలి వాళ్ళొచ్చి లక్ష బయానా ఇచ్చారు, కొనే అబ్బాయి మామగారు మా వరండాలో కూర్చుని ఈసీ కాగితం (ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించేది) ఒక్కో లైనూ చదివి మూడో ఎంట్రీ మీద వేలు పెట్టి, ఈ తనఖా ఏంది బాబూ అన్నారు. 1998లో నాన్న ఒక సొసైటీలో తీసుకున్న లోన్ అది, ఎప్పుడో కట్టేశారు, రసీదు కూడా ట్రంకుపెట్టెలో ఉంది, కానీ తనఖా తీరిపోయిందని రాసే రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించలేదు. పాత రికార్డులు వెతికించి అది చేయించేసరికి కార్తీకం వచ్చేసింది, ఆ తర్వాత వాళ్ళ లోన్ శాంక్షన్ అయ్యేలోపు సంక్రాంతి నెలపట్టారు, మాఘంలో గానీ రిజిస్ట్రేషన్ కాలా. ఆ నెలల్లో ఒకటో తారీఖు వస్తుందంటే మా ఆవిడకి నిద్ర పట్టేది కాదు.

అందుకే చెప్తున్నా, అప్పు సంగతి తర్వాత, ముందు మీసేవలో మీ పాతింటి ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లతో (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు) సహా లాయరుకి చూపించండి. కొనేవాళ్ళ దగ్గర గట్టి బయానా తీసుకుని అగ్రిమెంట్ రాసుకున్నాకే కొత్తదానికి అడ్వాన్స్ ఇవ్వండి. వడ్డీ లెక్క మూణ్ణెల్లకి కాదు, ఏడాదికి వేసుకుని అది కట్టగలిగితేనే దిగండి. కొన్ని బ్యాంకులు ఇట్టాంటిదానికే బ్రిడ్జ్ లోన్ ఇస్తాయి, మామూలుగా రెండేళ్ళ దాకా గడువుంటుంది, హోమ్ లోన్ కన్నా వడ్డీ ఎక్కువే గానీ రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం కదా, దానికన్నా చాలా నయం. మేము అడగనే లేదు, ఇప్పటికీ బాధే.

ఇంకోటి, పాతిల్లు అమ్మిన లాభం మీద ట్యాక్స్ మినహాయింపు కావాలంటే, కొత్తిల్లు ముందే కొన్నవాళ్ళు కొన్న ఏడాదిలోపు పాతది అమ్మాలి. మేము అమ్మేసరికి ఆ గడువులో ఇంకో మూడు నెలలే మిగిలింది. మీ ఆడిటర్‌ని తేదీలతో సహా అడగండి.

మీ ఈసీలో పాత ఎంట్రీ ఏదన్నా ఉంటే రాయండి, రిలీజ్ డీడ్‌కి మేము ఏమేం కాగితాలు పెట్టామో చెప్తా.