లోకం మునిగేలోపు నీళ్ళ డబ్బా నింపుకున్నారా? (మీ ప్రశ్నలు, మా జవాబులు)

కష్టకాలానికి ఇల్లు ఎలా సిద్ధం చేసుకోవాలో అడగమని పోయిన సంచికలో అన్నాం, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సగం మంది రేపే ప్రళయం అన్నట్టు రాశారు, మిగతా సగం ఇదంతా పిచ్చి అని తిట్టారు. రెండు రకాలవీ కొన్ని తీసుకున్నాను.

ప్రశ్న: మా ఆయన ఏడాదిగా రోజూ రాత్రి వీడియోలు చూస్తున్నారు. వ్యవస్థ మొత్తం కూలిపోతుందట. గ్యాస్ మాస్కులు, వాకీటాకీలు, పాతికేళ్ళు పాడవని తిండి డబ్బాలు అని లిస్టు రాశారు. అది కొంటే మా సేవింగ్స్ సగం ఖాళీ. వద్దంటే నీకేం తెలీదు అంటున్నారు. ఎవరు కరెక్టు?

జవాబు: ఇద్దరూ సగం సగం కరెక్టు అని తప్పించుకోవచ్చు గానీ అమ్మా, లిస్టు సంగతిలో మాత్రం మీరే కరెక్టు. ఆయన భయం తప్పు కాదు, ఏది ముందు ఏది వెనక అన్నదే తప్పింది. వ్యవస్థలు కూలవా అంటే కూలతాయి, కానీ అవి ఎలా కూలాయో ఒకసారి చూడమనండి. సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో పోయింది, పోయిన మర్నాడు కూడా జనం లేచి పనికే వెళ్ళారు. 1992 జనవరి 2న ధరల మీద కంట్రోలు ఎత్తేశాక జీవితాంతం దాచుకున్నది నెలల్లో ఆవిరైపోయింది, ఉద్యోగం ఉన్నా నెలల తరబడి జీతం రాని వాళ్ళు లక్షల్లో, ఊరి బయట చిన్న తోట ఉన్నవాళ్ళు అందులో బంగాళాదుంపలు వేసుకుని ఎలాగో గట్టెక్కారు. శ్రీలంకలో 2022లో ఏం జరిగింది, పెట్రోలు కోసం రోజుల తరబడి క్యూలు, గంటల కొద్దీ కరెంటు కోతలు, పేపరు దొరక్క స్కూలు పరీక్షలు వాయిదా. ఇంతకంటే ఘోరం బోస్నియా యుద్ధంలో సరయేవో నగరం, 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా ముట్టడి, నీళ్ళ క్యూలో నిలబడ్డవాళ్ళ మీద గుండ్లు పడి పోయినవాళ్ళున్నారు. వీటిలో ఏ ఇంట్లోనైనా ముందు కావలసి వచ్చింది ఏంటంటే నీళ్ళు, తిండి, మందులు, చేతిలో కాస్త డబ్బు, పక్కన నమ్మకమైన మనుషులు. వాకీటాకీ ఎక్కడో చివర్లో వస్తుంది.

కాబట్టి ఆయన లిస్టు చింపకండి, వెనక్కి తిప్పించండి. వచ్చే అయిదేళ్ళలో మన ఇంటికి ఏం జరగొచ్చు అని ఇద్దరూ కూర్చుని రాయండి. ఉద్యోగం పోవచ్చు, ఒకరు మంచాన పడొచ్చు, నాలుగు రోజులు కరెంటూ నీళ్ళూ రాకపోవచ్చు, బ్యాంకు వారం మూతపడొచ్చు. వీటికి సిద్ధపడితే పెద్ద ప్రళయానికి కావలసినదాంట్లో చాలా భాగం అయిపోయినట్టే, పైగా ప్రళయం రాకపోయినా పనికొస్తుంది.

ఇంకో మాట. ఏమీ కొనకముందు ఒక శనివారం పొద్దున్న మెయిన్ ఆఫ్ చేసి, నీళ్ళ వాల్వు కట్టేసి, ఆదివారం సాయంత్రం దాకా ఉండి చూడండి (ఇంట్లో కరెంటు మీద నడిచే మెడికల్ మెషిన్ ఏదైనా ఉంటే వద్దు). నేను చేశాను. టార్చ్ దొరికింది, లోపల బ్యాటరీలు కారిపోయి తెల్లటి పొడి పట్టేసి ఉన్నాయి. డబ్బా తిండి ఉంది, డబ్బా తెరిచేది లేదు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి వేలు కోసుకున్నాను. ఫోను మధ్యాహ్నానికే పోయింది, అప్పుడు తెలిసింది మా ఇంట్లో ఎవరికీ ఎవరి నెంబరూ నోటికి రాదని. అన్నిటికంటే షాక్ ఇచ్చింది టాయిలెట్, తాగేదానికంటే అక్కడ పోయే నీళ్ళే ఎన్నో రెట్లు. ఆ ఒక్క వీకెండ్‌లో తెలిసింది ఏడాది వీడియోల్లో తెలియదు, ఆయన్ని కూడా ఒప్పించండి, సరదాగానే ఒప్పుకుంటారు.

ప్రశ్న: బ్యాంకులో డబ్బు సేఫ్ కాదంటున్నారు. మొత్తం తీసి ఇంట్లో పెట్టుకోనా, బంగారం కొననా?

జవాబు: మొత్తం ఒకేచోట పెట్టకండి, అంతే. అది బ్యాంకయినా, బీరువా అయినా, బంగారమైనా.

బ్యాంకులు మూతపడిన సందర్భాలు ఉన్నాయి, అబద్ధం కాదు. అర్జెంటీనాలో 2001 డిసెంబరులో వారానికి 250 పెసోలకి మించి తీయనివ్వలేదు, ఆ తర్వాత అకౌంట్లలో ఉన్న డాలర్లని పెసోలుగా మార్చేశారు. సైప్రస్‌లో 2013 మార్చిలో 12 రోజులు బ్యాంకులు తెరవలేదు, అక్కడి అతిపెద్ద బ్యాంకులో లక్ష యూరోలు దాటిన డిపాజిట్లలో 47.5 శాతం పట్టుకెళ్ళి షేర్లుగా మార్చారు. గ్రీసులో 2015 జూన్ చివర మూసి జులై 20న తెరిచారు, ఈలోపు ఏటీఎంలో రోజుకి 60 యూరోలే. ఇక్కడ గమనించాల్సింది, డాలర్ అకౌంట్లూ పెద్ద డిపాజిట్లూ దెబ్బతిన్నాయి గానీ, ఈ మూడు చోట్లా మామూలు ఇంటికి ముందొచ్చిన ఇబ్బంది ఉన్న డబ్బు చేతికి అందకపోవడం. మొదటి కొన్ని వారాలు నడిచేంత క్యాష్ ఇంట్లో ఉంటే క్యూలో తోసుకోనక్కర్లేదు. అది కూడా చిన్న నోట్లలో పెట్టండి, అలాంటి రోజుల్లో పెద్ద నోటుకి చిల్లర ఎవడూ ఇవ్వడు. డిపాజిట్ ఇన్సూరెన్స్ (బ్యాంకు మునిగినా మీకు తిరిగొస్తుందని హామీ ఉన్న డబ్బు) ఎంతవరకు వస్తుందో కనుక్కుని, అది దాటితే రెండో బ్యాంకులో పెట్టండి.

మరి మొత్తం క్యాషే పెట్టుకుంటే? 1991 జనవరి 22 రాత్రి సోవియట్ టీవీలో 50, 100 రూబుళ్ళ నోట్లు ఇక చెల్లవన్నారు, మార్చుకోవడానికి ఇచ్చింది మూడే రోజులు. పరుపు కింద దాచుకున్నవాళ్ళే ఎక్కువ దెబ్బతిన్నారు. జింబాబ్వేలో అయితే 2009లో నూరు లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చేశారు, దాంతో ఏమొచ్చిందో ఇప్పుడు ఆ నోటుని సావనీర్‌గా కొనుక్కునేవాళ్ళని అడగాలి. బంగారం ఏళ్ళ మీద విలువ నిలబెడుతుంది, ఒప్పుకుంటాను, కానీ అందరూ ఒకేసారి అమ్మకానికి తెచ్చిన రోజున కొనేవాడు చెప్పిందే రేటు. సరయేవోలో ముట్టడి రోజుల్లో సిగరెట్లే డబ్బులా తిరిగాయి. కాబట్టి బంగారం మూడో వరసలో పెట్టండి, అప్పు చేసి మాత్రం కొనకండి.

ప్రశ్న: అప్పులున్నాయి, జీతం మీద నమ్మకం లేదు. సరుకులు నిల్వ చేయాలా, అప్పు తీర్చాలా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరమే అన్నిట్లోకీ సీరియస్‌గా చదివాను. ముందు నెల రోజుల తిండి, ఇంకో నెల ఖర్చుకి క్యాష్, ఆ వెంటనే క్రెడిట్ కార్డు బాకీ మీద పడు, ఎందుకంటే దానికంటే వేగంగా పెరిగేది నీ ఇంట్లో ఇంకేదీ లేదు. తర్వాత వడ్డీ మారుతూ పోయే లోన్లు. వడ్డీ ఫిక్స్ అయిన ఇంటి లోనుకి కంగారు పడకు, ధరలూ జీతాలూ పెరిగే కాలంలో అలాంటి అప్పు దానంతటదే తేలికవుతుంది. సంపాదన ఒక కరెన్సీలో, అప్పు ఇంకో కరెన్సీలో మాత్రం ఎప్పుడూ పెట్టుకోకు. పోలండ్‌లో చాలామంది వడ్డీ తక్కువని స్విస్ ఫ్రాంకుల్లో ఇంటి లోన్లు తీసుకున్నారు, 2015 జనవరి 15న స్విస్ సెంట్రల్ బ్యాంకు ఫ్రాంకు రేటు మీద పట్టు వదిలేసింది, ఫ్రాంకు విలువ ఎగబాకి ఒక్క పూటలో వాళ్ళ అప్పు ఉబ్బిపోయింది. కిస్తీ కట్టలేని పరిస్థితి కనిపిస్తే ఎగ్గొట్టాక కాదు, ముందే వెళ్ళి మాట్లాడు. సిగ్గుపడి ఫోను ఎత్తకపోవడం వల్ల మునిగినవాళ్ళని చాలామందిని చూశాను.

ప్రశ్న: ధాన్యం, పప్పులు మూడు నెలలకి కొని పెట్టాం, పురుగు పట్టింది. ఏం చేయాలి? అసలు ఎంత పెట్టుకోవాలి?

జవాబు: ముక్కు పురుగు బయటినుంచి ఎగిరి వచ్చిందనుకుంటారు, చాలాసార్లు అది గింజ లోపలే గుడ్డుగా ఉండి మీతోపాటే ఇంటికొచ్చింది. గింజకి చిన్న కంత చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది, కంటికి కనబడదు. అందుకే కొన్న వెంటనే ప్యాకెట్లు నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, బయటికి తీశాక చెమ్మ ఆరేదాకా మూట విప్పకుండా ఉంచి, అప్పుడు పొడిగా ఉన్న గట్టి మూత డబ్బాల్లోకి మార్చండి. ఆక్సిజన్ అబ్జార్బర్ ప్యాకెట్లు (డబ్బా లోపలి ఆక్సిజన్ పీల్చేసేవి) వేస్తే ఇంకా మంచిది, కానీ బాగా ఎండిన వాటికే, తేమ ఉన్నదాన్ని గాలి లేకుండా బిగిస్తే బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం తయారయ్యే ప్రమాదం ఉంది. పాలిష్ పట్టిన బియ్యం, ఎండు పప్పులు ఏళ్ళ తరబడి ఉంటాయి. దంపుడు బియ్యం, పిండి, వేరుశనగల్లో నూనె ఉంటుంది కాబట్టి నెలల్లో ముక్కిపోతాయి.

ఎంత అంటే, మనిషికి రోజుకి 2,100 కేలరీలని లెక్క వేస్తారు. 400 గ్రాముల ధాన్యం, 100 గ్రాముల పప్పు, 40 గ్రాముల నూనె, సుమారుగా అక్కడికి వస్తుంది. నలుగురికి నెల రోజులకి 48 కిలోల ధాన్యం, 12 కిలోల పప్పు, అయిదు లీటర్ల పైచిలుకు నూనె. రాసుకుంటే భయమేస్తుంది గానీ మంచం కింద పట్టేస్తుంది. ఒక్కసారిగా కొనకండి, వెళ్ళిన ప్రతిసారీ ఒకటి ఎక్కువ తెచ్చి మార్కర్‌తో తేదీ రాసి, పాతది ముందు వాడండి. మీరు రోజూ తినేదే పెట్టండి. నేను ఒకప్పుడు ఆఫర్ ఉందని మా ఇంట్లో ఎవరూ ముట్టని రకం డబ్బాలు నలభై కొన్నాను, రెండేళ్ళకి చూస్తే కొన్ని ఉబ్బి గుండ్రంగా తయారయ్యాయి. ఉబ్బిన డబ్బా రుచి కూడా చూడకూడదు, అలాగే పారేయాలి.

ప్రశ్న: నీళ్ళు ఎన్ని పెట్టుకోవాలి?

జవాబు: తాగడానికీ కాస్త వంటకీ కలిపి మనిషికి రోజుకి నాలుగు లీటర్లు, కనీసం మూడు రోజులకి, చోటుంటే రెండు వారాలకి. నలుగురికి మూడు రోజులంటే 48 లీటర్లు. నీళ్ళు అనుమానంగా ఉంటే గుడ్డలో వడకట్టి, కుతకుతా ఒక నిమిషం మరగనివ్వండి, రెండు వేల మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. మరిగించే వీల్లేకపోతే వాసన కలపని మామూలు లిక్విడ్ బ్లీచ్, సోడియం హైపోక్లోరైట్ 6 శాతం ఉన్నది, లీటరుకి రెండు చుక్కలు కలిపి అరగంట ఆగండి, మసకగా ఉంటే నాలుగు చుక్కలు. ఇలా చేస్తే క్రిములు పోతాయి, పెట్రోలు, పురుగుమందు కలిసిన నీళ్ళు మాత్రం ఎంత మరిగించినా బాగుపడవు.

పనిలోపని, కరెంటు పోయినప్పుడు చలికి ఇంట్లో బొగ్గుల కుంపటి, లోపల జనరేటర్ అస్సలు వద్దు. టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో చలిని తట్టుకున్నా బొగ్గుల నుంచీ జనరేటర్ నుంచీ వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు‌కి బలైనవాళ్ళున్నారు. దానికి వాసన ఉండదు.

ప్రశ్న: మా అమ్మగారికి ఇన్సులిన్. రోజుల తరబడి కరెంటు లేకపోతే?

జవాబు: తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, వాడుతున్నది మాత్రం చాలా రకాల్లో మామూలు గది చల్లదనంలో 28 రోజుల దాకా ఉంటుంది, పెట్టె మీద రాసింది చూసుకోండి. గడ్డ కట్టిపోతే మాత్రం కరిగించి వాడొద్దు, పారేయాల్సిందే. పెద్ద మట్టి కుండలో చిన్న కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక పోస్తే, గాలి పొడిగా ఉన్నచోట లోపల బాగా చల్లగా ఉంటుంది. డాక్టర్ గారిని ఒక నెల అదనంగా రాయమని అడగండి, ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. నిల్వ తగ్గుతోందని డోసు మీ అంతట మీరు తగ్గించొద్దు.

ప్రశ్న: ఇవన్నీ పెట్టుకున్నాక దోచుకోవడానికి వస్తారు కదా. ఆయుధం గురించి ఒక్క ముక్క కూడా రాయరేం?

జవాబు: రాయను బాబూ. మీరు నిద్రపోకుండా ఎన్ని రాత్రులు కాపలా కాస్తారు? పక్కింటివాళ్ళతో మాట్లాడి వంతులు వేసుకుంటే నాలుగో రాత్రి మీ వంతు వస్తుంది. జపాన్ నగరం కోబెలో 1995 జనవరి 17న తెల్లవారుజామున భూకంపం వచ్చినప్పుడు కూలిన ఇళ్ళ కింద నుంచి ఎక్కువ మందిని లాగింది ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగువాళ్ళే, ఏ గదిలో ఎవరు పడుకుంటారో వాళ్ళకే తెలుసు. మీ దగ్గర ఎంత సరుకుందో ఊరంతా చెప్పమనడం లేదు. మీ వీధిలో నర్సు ఎవరు, పంపు రిపేరు ఎవరికొచ్చు, మంచం దిగలేని పెద్దావిడ ఏ ఇంట్లో ఉంది, ఈ మూడూ తెలుసా మీకు?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. మేం మాట్లాడుకునేవి విని రాత్రి పడుకోవట్లేదు. ఏం చెప్పాలి?

జవాబు: ఏమీ జరగదు అని చెప్పకండి, వాడు నమ్మడు, మీ మొహం చూస్తున్నాడు కదా. రాత్రి భోజనం దగ్గర ఆ కబుర్లు ఆపేసి, పగలు వాడికో పని ఇవ్వండి. టార్చ్ డిపార్ట్‌మెంట్ వాడిది. నెలకోసారి వెలిగించి చూడాలి, బ్యాటరీలు బయటికి తీసి పక్కన పెట్టాలి, డబ్బాల మీద తేదీలు వాడే రాయాలి, మీ ఇద్దరి నెంబర్లూ మావయ్య నెంబరూ నోటికి రావాలి. ఒకరోజు చీకట్లో కావాలనే మీరు తడుముకుంటూ "నాన్నా, టార్చ్ ఎక్కడ పెట్టావురా?" అని అడగండి. పరిగెత్తుకుంటూ తెచ్చిస్తాడు చూడండి.