పూర్వాగ్రహంలో కోపం ఉందా?

సందేహం: ‘సత్యం వెతికేవాడికి పూర్వాగ్రహం ఉండకూడదు’ అని ఒక అనువాదంలో చదివి, పాత కోపాలు పెట్టుకోకూడదని అర్థం చేసుకున్నాను. కాదు, ఓపెన్ మైండ్‌తో ఉండాలని దాని అర్థమట. ఆ మాటేదో ‘తెరిచిన మనసు’ అని రాయొచ్చు కదా?

సమాధానం: తప్పు మీది కాదు. ఆగ్రహం అంటే కోపమని తెలుగులో స్థిరపడిపోయింది. సంస్కృతంలో మాత్రం దానికి పట్టు, పట్టుదల, మొండితనం అనే అర్థాలున్నాయి. హిందీలో ఆగ్రహ్ అంటే గట్టిగా కోరడం. కన్నడ పత్రికల శీర్షికల్లో ‘ఆగ్రహ’ కనిపిస్తే డిమాండ్ అనుకోవాలి, ఎవరికో కోపం వచ్చిందని కంగారు పడక్కర్లేదు. 1906లో దక్షిణాఫ్రికాలో మొదలైన ఉద్యమానికి పేరు సూచించమని గాంధీ ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో అడిగితే, మగన్‌లాల్ గాంధీ ‘సదాగ్రహ’ అని పంపారు. గాంధీ దాన్ని ‘సత్యాగ్రహ’గా మార్చారు. అక్కడా ఆగ్రహం అంటే పట్టే. ఆ లెక్కన పూర్వాగ్రహం అంటే విషయం చూడకముందే పట్టిన పట్టు. హిందీలో ఇది వాడుకమాట. తెలుగులో మాత్రం మీలాగే చాలామంది కోపం దగ్గర ఆగిపోతారు. అందుకే నేను వాడను.

ఇక ‘తెరిచిన మనసు’. వ్యాకరణం ప్రకారం తప్పులేదు, కానీ చెవికి ఎక్కదు. మనకున్నది ‘మనసు విప్పడం’. అంటే లోపలున్నది బయటపెట్టడం. ఓపెన్ మైండ్‌ది ఎదురు దారి, బయటిదాన్ని లోపలికి రానివ్వడం. కొందరు ‘విశాల హృదయం’ అని రాస్తున్నారు. అది క్షమించేవాళ్లకో, ఇచ్చేవాళ్లకో నప్పే మాట. ఒక లెక్క సరిచూడడానికి హృదయం విశాలంగా ఉంటే ఏం లాభం?

తెలుగు ఈ సంగతిని తలుపులా తెరవడం, మూయడంగా చూడదు. పట్టడం, విడవడంగా చూస్తుంది. గ్రహణం అన్నా అర్థం పట్టుకోవడమే, అయినా మనం ‘గ్రహణం పట్టింది, విడిచింది’ అంటాం. మనుషుల విషయంలో పట్టువిడుపులు అంటాం. ‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు’ అనే సామెత చూడండి. నాకు అందులో నచ్చేది ‘పట్టిన’ అనే మాట. కుందేలు దూరంగా పరుగెడుతుంటే కాళ్లు సరిగా కనబడలేదని సరిపెట్టుకోవచ్చు. అది అతని చేతిలోనే ఉంది. వేలుపెట్టి లెక్కపెడితే నాలుగో కాలు తగులుతుంది. లెక్కపెట్టడు. కుందేలును పట్టినవాడు మాటనూ పట్టాడు, ఒకే క్రియ రెండు పనులు చేసింది.

కాబట్టి మీరు చదివిన వాక్యాన్ని నేనైతే ‘ముందే ఒక అభిప్రాయం పట్టుకుని కూర్చున్నవాడికి నిజం దొరకదు’ అని రాస్తాను. మాట్లాడేటప్పుడు ‘కాస్త ఓపెన్ మైండ్‌తో విను’ అన్నా నాకు అభ్యంతరం లేదు, అందరికీ తెలిసిన మాటే. ఒకే పదం కావాలంటే ‘నిష్పక్షపాతం’ ఉంది గానీ, ఎదురుగా రెండు పక్షాలున్నచోటే అది అతుకుతుంది.