వంటింటి వైరింగ్ ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చా?

ప్రశ్న: ఐదేళ్లుగా ఒక పాత ఇంట్లో అద్దెకుంటున్నాం. వంటింట్లో ఇంకా చెక్క పట్టీల మీద లాగిన వైర్లు, పింగాణీ ఫ్యూజులు, ఎర్తింగ్ లేని రెండు పిన్నుల సాకెట్లే. తడిచేత్తో ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జివ్వుమంటోంది. లైను మొత్తం మార్చాల్సిందేనని ఎలక్ట్రీషియన్ అన్నాడు. ఓనర్ గారేమో ఫోన్లో "మీరే చేయించుకోండి, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చా? 11 నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, మళ్లీ రాసుకోలేదు.

జవాబు: ముందు ఆ ఫ్రిజ్ ప్లగ్ తీసేయండి, చట్టం సంగతి ఆ తర్వాత.

మినహాయించుకోవచ్చు, కానీ అందరూ అనుకునేంత సులువుగా కాదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లో 108వ సెక్షన్ ఒకటుంది. ఓనర్ చేయించాల్సిన రిపేరు గురించి మీరు నోటీసిచ్చాక కూడా తగిన సమయంలో ఆయన చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి పట్టుకోవచ్చని అందులో ఉంది. తిరకాసంతా "ఓనర్ చేయించాల్సిన" అన్న ముక్క దగ్గరే. ప్రతి రిపేరూ ఓనరే చేయించాలని ఆ చట్టం చెప్పదు, అది మీ అగ్రిమెంటును బట్టి, మీ రాష్ట్రంలో వర్తించే అద్దె చట్టాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఆ పాత అగ్రిమెంటు బయటికి తీసి రిపేర్ల గురించి రాసిన పేరా చదవండి. చాలావాటిలో "చిన్న చిన్న రిపేర్లు అద్దెదారువే" అని ఉంటుంది. బల్బు హోల్డరు చిన్న రిపేరే, లైను మొత్తం మార్చడం చిన్న రిపేరని ఏ జడ్జి ముందూ నిలబడదని నా అభిప్రాయం.

అదే సెక్షన్లో మీకు పనికొచ్చేది ఇంకోటుంది. ఇంట్లో ఓనర్‌కు తెలిసిన పెద్ద లోపం, అద్దెకొచ్చేవాళ్లు మామూలుగా చూస్తే కనబడనిది ఉంటే, ముందే చెప్పాలి. చెక్క పట్టీలూ రెండు పిన్నుల సాకెట్లూ మీరు చూసే దిగారు కాబట్టి వాటి మీద వాదన బలహీనం. వైరు మీద తొడుగు పెళుసై లోపల కరెంటు లీకవుతోందన్నది వేరే విషయం, అయితే అది ఆయనకు తెలుసని మీరే రుజువు చేయాలి.

నాకు అసలు భయం వేరే చోట ఉంది. అగ్రిమెంటు అయిపోయినా మీరు అద్దె ఇస్తున్నారు, ఆయన తీసుకుంటున్నారు, అంటే చట్టం దృష్టిలో మీది నెలనెలా సాగే అద్దె. అద్దె నియంత్రణ చట్టం మీ ఇంటికి వర్తించకపోతే, 15 రోజుల నోటీసుతో ఆయన దాన్ని ముగించవచ్చు. బలవంతంగా సామాను బయట పెట్టించలేరు, కోర్టుకు వెళ్లాల్సిందే, కానీ గోడలు కొట్టించి పైపులు దింపి కొత్త లైను లాగించిన మర్నాడే నోటీసు చేతికొస్తే మీ టెన్షన్ ఎలా ఉంటుందో ఆలోచించండి.

అందుకే పని మొదలుపెట్టకముందే ఆయన చేత రాయించుకోండి. పెద్ద డాక్యుమెంటు అక్కర్లేదు. ఏ పని, అంచనా ఎంత, నెలకు ఎంత చొప్పున అద్దెలో తగ్గుతుంది, మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తే మిగిలింది ఎవరిస్తారు, ఇంత రాసి ఇద్దరూ సంతకం పెడితే చాలు. సంతకానికి మొహమాటపడితే కనీసం వాట్సాప్‌లో అడగండి, "సరే, చేయించండి, అద్దెలో తగ్గించుకోండి" అన్న జవాబు ఫోన్లో ఉంటే అదీ సాక్ష్యమే. ఆ ఫోన్ మార్చేసి మెసేజ్‌లు పోగొట్టుకోకండి, కోర్టులో దానికి ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది. "తర్వాత చూద్దాం" మాత్రం అంగీకారం కాదు. అంగీకారం లేకుండా గోడ కొడితే ఇల్లు పాడుచేశారని తిరిగి మీ మీదే అనవచ్చు.

పని ఎవరి చేత చేయిస్తున్నారన్నదీ ముఖ్యమే. స్విచ్చో ఫ్యూజో మార్చడం సరే గానీ, వైరింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలని కేంద్ర విద్యుత్ అథారిటీ నిబంధనలు చెబుతున్నాయి. పక్కింటాయన పంపిన కుర్రాడు బాగానే చేయవచ్చు, కానీ బిల్లు ఇవ్వడు, రేపు మంట లేస్తే కనబడడు. బిల్లు మీద లైసెన్స్ నంబరు, ఇన్సులేషన్ టెస్ట్ (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో చూసే పరీక్ష) రీడింగులు, పనికి ముందూ వెనకా ఫోటోలు దగ్గరుంచుకోండి. ఇండక్షన్ స్టవ్ వాడతారేమో కూడా కాంట్రాక్టరుకు చెప్పండి. 2000 వాట్ల స్టవ్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, ఆ పాత సాకెట్ 5 ఆంపియర్లదే అయ్యుంటుంది.

ఓనర్ ససేమిరా అంటే ఆ ఫోన్ మాటనే ఉటంకిస్తూ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఫ్రిజ్ షాక్ సంగతి తేదీతో సహా రాయండి, ఎందుకంటే రేపు ఎవరికైనా ఏమైనా అయితే "నాకు తెలియదు" అనే దారి ఆయనకు ఉండదు. ఈలోగా గోడ ముట్టుకోకుండా మీటరు తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఒకటి పెట్టించుకోండి. అది ఊరికే పడిపోతోందంటే పాడైందనుకోకండి, లీకేజీ పట్టుకుంటోందేమో చూపించండి. ఖాళీ చేసేటప్పుడు, ముందున్నది ఉన్నట్టు అప్పగిస్తే, దాన్ని విప్పి మీతో తీసుకెళ్లవచ్చు.