మసిగుడ్డలు కుట్టే అమ్మాయికి ఏ కోర్సు?

అనంతపురం నుంచి ఒక తల్లి ఇలా రాశారు: “మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఇంజినీరింగ్‌లో చేరనంటోంది. రెండేళ్లుగా ఇంట్లోని పాత కుట్టుమిషన్ మీద మసిగుడ్డలు, భోజనాల బల్ల మీద పరిచే మ్యాట్లు, రొట్టెలు చుట్టే గుడ్డలు, ఏప్రన్లు కుడుతోంది. ఇరుగుపొరుగువారు డబ్బిచ్చి కొంటున్నారు. ఇదే వృత్తిగా పెట్టుకుంటానని దాని పట్టుదల. చదువుకున్న పిల్ల చేసే పని కాదని వాళ్ల నాన్నగారు అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ ఫ్యాషన్ డిజైన్ కోర్సుకు ఏడాదికి లక్షన్నర అడుగుతోంది. అందులో చేర్పించాలా, ఇంట్లోనే కుట్టుకోనివ్వాలా? కొత్త మిషన్ కొనివ్వవచ్చా?”

అమ్మా, మీరు అడిగిన కోర్సులో ఈ ఏడాది చేర్పించవద్దనే నా సలహా. ఫీజు ఒక్కటే కారణం కాదు. ఫ్యాషన్ డిజైన్ చదువులో ఎక్కువ భాగం ఒంటి మీద వేసుకునే దుస్తుల చుట్టూ, అంటే శరీర కొలతలు, ప్యాటర్న్ (కత్తిరింపు నమూనా), డ్రేపింగ్ (బొమ్మ మీద బట్ట పరిచి ఆకారం తేవడం) చుట్టూ తిరుగుతుంది. మీ అమ్మాయి చేయి తిరిగింది ఇంటి వస్త్రాలలో. ఈ రంగాన్ని పరిశ్రమలో హోమ్ టెక్స్‌టైల్స్ అంటారు. తమిళనాడులోని కరూరు పట్టణం ప్రధానంగా దీని మీదనే పేరు తెచ్చుకుంది. అక్కడి నుంచి బల్ల గుడ్డలు, వంటింటి తువ్వాళ్లు, ఏప్రన్లు విదేశాలకు ఎగుమతి అవుతాయి. నమూనాలు తయారుచేసేవారు, నాణ్యత పరీక్షించేవారు, కొనుగోలుదారులతో మాట్లాడి ఆర్డర్లు నడిపించే మర్చండైజర్లు అక్కడ చదువుకున్నవారే. ఈ సంగతి ఆమె తండ్రిగారికి చెప్పండి. ఆయన కళ్ల ముందు వీధి చివరి కుట్టు దుకాణం ఒక్కటే ఉన్నట్టుంది.

అయితే ఇరుగుపొరుగువారు కొన్నారన్నది ఆమె ప్రతిభకు కొలమానం కాదు. అభిమానంతో కొనేవారు వంకర అంచును పట్టించుకోరు. కాబట్టి ఏ కోర్సు గురించీ ఆలోచించక ముందు ఆమె చేత ఒక పని చేయించండి. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉండే బల్ల మ్యాట్లు, ముందూ వెనుకా రెండు పొరలతో, పన్నెండు కుట్టమనండి. కుట్టినవాటిని రెండుసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి అంచులు చూడండి. పావు అంగుళానికి మించి తేడా కనిపిస్తే లోపం ఎక్కడుందో ఆమే వెతకాలి: బట్టను ముందుగా తడిపి ఆరబెట్టకుండా కత్తిరించిందా, దారపు పోగు వెంట కాకుండా ఏటవాలుగా కోసిందా, కుట్టేటప్పుడు పై పొరను లాగి పట్టుకుందా. ఏ కోర్సులో చేరినా మొదటి నెలల్లో నేర్పేది ఇదే.

ఈ పనిలోనే లెక్క కూడా నేర్చుకుంటుంది. చుట్టూ అర అంగుళం కుట్టుకు వదిలితే ప్రతి ముక్కనూ 13 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల పొడవుతో కోయాలి. బజారులో దొరికే 44 అంగుళాల పన్నా (వెడల్పు) బట్టలో అడ్డంగా మూడు ముక్కలు పడతాయి. మీటరు అంటే 39 అంగుళాల పైచిలుకు కాబట్టి నిలువుగా రెండు వరుసలు వస్తాయి. అంటే మీటరుకు ఆరు ముక్కలు, పన్నెండు మ్యాట్లకు పైపొరకు రెండు మీటర్లు, అస్తరుకు మరో రెండు మీటర్లు. కాగితం మీద ఇది సరిగ్గా సరిపోతుంది. కానీ నూలు బట్ట మొదటి ఉతుకులో నూటికి మూడు వంతులు కుంచించుకుపోతే మీటరు బట్ట 38 అంగుళాల దగ్గర ఆగుతుంది, ముక్కలు అతి కష్టం మీద పడతాయి. అయిదు వంతులు పోతే రెండో వరుస పడదు. రెండు మీటర్లకు మరో పది సెంటీమీటర్లు కలిపి కొనాలన్న సంగతి ఇలా చేతులు కాల్చుకోకుండానే తెలుస్తుంది. ఎంపీసీ చదివిన పిల్లకు ఈ లెక్క కష్టం కాదు. ఆ చదువు వృథా అయిందని బాధపడేవారికి నేను చూపించేది కూడా ఇదే. చేనేత బట్ట తీసుకుంటే పన్నా మారుతుంది, లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు చేనేతకు పేరున్న ఊరే, మీకు దూరమూ కాదు. ఒకసారి వెళ్లి నేతను, పన్నాలను ఆమెను స్వయంగా చూడనివ్వండి.

మసిగుడ్డ విషయంలో మాత్రం అందం తర్వాత, భద్రత ముందు. వేడి గిన్నెను పట్టుకునే గుడ్డలో పాలిస్టర్ దూదిని గానీ, పాలిస్టర్ కలిసిన బట్టను గానీ వాడకూడదు. ఎక్కువ వేడి తగిలితే అది కరిగి చేతికి అంటుకుంటుంది. రెండు డెనిమ్ పొరల మధ్య పాత నూలు తువ్వాలు ముక్కను మడిచి పెట్టి, ఎనిమిది అంగుళాల చదరంగా కుట్టి, అన్ని పొరలూ కదలకుండా అడ్డంగా నిలువుగా గీతల కుట్టు వేస్తే మంచి మసిగుడ్డ అవుతుంది. మీ జిల్లాలోనే రాయదుర్గం జీన్స్ తయారీకి పేరు పొందింది కదా, అక్కడి యూనిట్లలో కత్తిరింపు తర్వాత మిగిలే ముక్కలను ఇస్తారేమో అడిగి చూడండి. పొయ్యి మీద నుంచి దించిన సంగటి గిన్నెను ఆ గుడ్డతో పట్టుకుని అరనిమిషం ఆమె నిలబడగలిగితేనే అది అమ్మకానికి పనికివస్తుంది. తడి గుడ్డ వేడిని త్వరగా చేతికి చేరవేస్తుంది కాబట్టి పొడిగా ఉన్నప్పుడే వాడాలని ఒక చీటీ రాసి జతచేయడం మంచిది. ఇక రొట్టెలు చుట్టే గుడ్డకు రంగులేని మెత్తటి నూలు బట్టే మేలు. వేడి జొన్నరొట్టె వదిలే ఆవిరిని నూలు పీల్చుకుంటుంది, పాలిస్టర్ పీల్చుకోక రొట్టెను చెమర్చేలా చేస్తుంది. రంగు బట్టే కావాలంటే దాని మీద తడిపిన తెల్లగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో నొక్కి చూడాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ బట్ట తిండి పదార్థాలకు తగదు.

ధర దగ్గర చాలామంది అమ్మాయిలు తమ శ్రమను లెక్కలో వేసుకోరు. ఉదాహరణకు ఒక మ్యాటుకు బట్ట, దారం కలిపి 45 రూపాయలు, గంటకు మూడు కుట్టగలిగి గంట కూలి 60 రూపాయలనుకుంటే కుట్టుకు 20, కరెంటుకు, వృథాకు 5, మొత్తం 70 రూపాయలు అవుతుంది. దుకాణదారు తన వాటాగా అమ్మకపు ధరలో మూడో వంతు పైన ఉంచుకుంటే ఆ మ్యాటు 110 రూపాయల దాకా అమ్ముడుపోవాలి. అదే కొలతలో ప్లాస్టిక్ మ్యాటు అంతకన్నా చవకగా దొరుకుతుంది గనుక ధరలో పోటీ పడవద్దు; ఉతకగలిగే నూలు, శుభ్రమైన మూలలు, అడిగిన కొలత, అడిగిన రంగు, ఈ నాలుగింటి మీద నిలబడాలి.

ఇప్పుడు చదువు మాట. మొదట మీ ఊళ్లోనే ఉన్న రుడ్‌సెటీలో, అంటే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో, మహిళలకిచ్చే సుమారు నెల రోజుల టైలరింగ్ శిక్షణ గురించి అడగండి. ఈ సంస్థలు 1982లో ధర్మస్థల దగ్గరి ఉజిరెలో మొదలయ్యాయి, 18 ఏళ్లు నిండినవారికి ఉచితంగా నేర్పుతాయి, లెక్కలు రాయడం, బ్యాంకుతో మాట్లాడటం కూడా చెబుతాయి. ఆ తర్వాత ఐటీఐలో ఏడాది కాలపు స్యూయింగ్ టెక్నాలజీ ట్రేడ్‌లో చేరవచ్చు. ఇంటర్ చదివి ఐటీఐకి వెళ్లడమా అని మీవారు నొచ్చుకోవచ్చు గానీ, పరిశ్రమలో వాడే మిషన్ల మీద అంత తక్కువ ఖర్చుతో చేయి అలవాటయ్యే దారి మరొకటి నాకు కనిపించడం లేదు. అదే ఏడాది డిజైన్ ప్రవేశ పరీక్షలకు సిద్ధం కావాలి. 1995లో ఏర్పడిన హైదరాబాద్ నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)లో టెక్స్‌టైల్ డిజైన్, ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)లో టెక్స్‌టైల్ అండ్ అపారెల్ డిజైన్ ఉన్నాయి. రెండూ నాలుగేళ్ల డిగ్రీలు, ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా రాయవచ్చు. నిఫ్ట్ ఫీజు కూడా తక్కువేమీ కాదు, కానీ ఆ పట్టాకు పరిశ్రమలో గుర్తింపు ఉంది. నేత వైపు మనసు పోతే వెంకటగిరిలో ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. సీటు రాకపోయినా ఐటీఐ సర్టిఫికెట్ ఆమె చేతిలో ఉంటుంది. ప్రైవేటు కోర్సుకు లక్షన్నర కట్టేసి ఉంటే ఆ వెసులుబాటు ఉండదు.

అప్పు ఇప్పుడే వద్దు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఒకటి. పరికరాలకు 15,000 రూపాయల సాయం, 5 శాతం వడ్డీకి తొలివిడతగా లక్ష రూపాయల వరకు రుణం అందులో ఉన్నాయి. అయితే కుటుంబంలో ఒక్కరికే అర్హత, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే వర్తించదు, ఆ పనిని సొంతంగా చేస్తూ ఉండాలి. కాబట్టి ఇప్పటి నుంచే ఆమె అమ్మకాలను తేదీలతో ఒక పుస్తకంలో రాసుకుంటూ, వచ్చిన డబ్బును తన సొంత బ్యాంకు ఖాతాలో వేసుకోవడం అవసరం.

మిషన్ విషయానికి వస్తే, ఉన్నదాన్ని అమ్మేయకండి. దాన్ని శుభ్రం చేయించి, నూనె వేసి, మోటారు బిగిస్తే ఈ వస్తువులకు సరిపోతుంది. డెనిమ్ కుట్టేటప్పుడు 16వ నంబరు సూది, పొరలు మరీ మందమైతే 18 వేయాలి. ఎక్కువ వేగంతో నడిచే పవర్ మిషన్ కొనే మాట, ఆ పన్నెండు మ్యాట్ల సెట్టు కోసం కొత్త మనిషి ఎవరైనా రెండోసారి ఆర్డరు ఇచ్చాక ఆలోచిద్దాం.