స్లిప్పర్ ఆర్కిడ్లు ఇంట్లో పెంచితే కేసు అవుతుందా?

సందేహం: మాది విశాఖపట్నం. నాలుగేళ్లుగా బాల్కనీలో స్లిప్పర్ ఆర్కిడ్లు (చెప్పు ఆకారపు పూలు పూసే మొక్కలు) పెంచుతున్నాను. మూడు కుండీలు ఆన్‌లైన్‌లో ఒక నర్సరీ నుంచి బిల్లుతో కొన్నవి. నాలుగోది మా ఆడపడుచు షిల్లాంగ్ వెళ్లినప్పుడు రోడ్డు పక్కన కొని తెచ్చింది. పూసినప్పుడల్లా ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాను. ఈమధ్య ఒకాయన "ఇది షెడ్యూలు మొక్క, ఫారెస్టు వాళ్లు చూస్తే జైలే" అని మెసేజ్ పెట్టారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఫోటోలు తీసేయాలా? మొక్కలు ఎవరికైనా ఇచ్చేయాలా? పైగా నా ఫోటోనే ఒక అమ్మకందారు తన సరుకు ఫోటోగా వాడుకుంటున్నాడు. ఏం చేయగలను?
- ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా ఒక మాట. ఆ మొక్కల్లో దేన్నీ ఎవరికీ ఇవ్వకండి, పారేయకండి. మీకు మెసేజ్ పెట్టినాయన భయపెట్టిన తీరు బాగోలేదు గానీ, చెప్పినదాంట్లో నిజం ఉంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినప్పుడు మొక్కల ఊసు పెద్దగా లేదు. 1991 సవరణతో 3ఎ అధ్యాయం చేర్చి, ఆరు రకాల మొక్కలకు రక్షణ ఇచ్చారు. అందులో స్లిప్పర్ ఆర్కిడ్లు, అంటే పాఫియోపెడిలమ్ జాతి మొత్తం, ఒకటి. మన శేషాచలం కొండల్లో పెరిగే సైకాస్ బెడ్డోమి కూడా ఆ ఆరింటిలోనిదే. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ పేరే దానికి పెట్టారు. కేరళ అగస్త్యమల కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని డ్రూరియై అనే స్లిప్పర్ ఆర్కిడ్‌ను లోకానికి పరిచయం చేసిందీ ఆయనే. ఆ డ్రూరియైని వ్యాపారులు, సేకరించేవాళ్లు పీక్కుపోగా, ఇప్పుడది అంతరించే అంచున ఉంది. ఈ చట్టం ఇంత గట్టిగా ఎందుకుందో నాకు ఆ ఒక్క మొక్కను చూస్తేనే అర్థమవుతుంది. 2022 సవరణ తర్వాత, 2023 ఏప్రిల్ 1 నుంచి, ఈ మొక్కలు మూడో షెడ్యూలులో, అంటే ఆ చట్టానికి జతచేసిన రక్షిత మొక్కల జాబితాలో, ఉన్నాయి.

సెక్షన్ 17ఎ అడవిలో పెకలించడాన్ని మాత్రమే ఆపుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం మాటే. ఈ మొక్కను దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, అమ్ముతానని చెప్పడం, బహుమతిగా ఇవ్వడం, ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్లడం కూడా అందులో నిషేధమే. మొక్కల ప్రియులు ప్రేమగా పిలకలు పంచుకుంటారు చూడండి, అదీ ఇందులోకే వస్తుంది. మీ ఫోటో కింద ఎవరైనా "పిలక ఉందా అక్కా" అని అడిగితే, "ఉంది, ఇంత రేటు" అని రాశారంటే అది అమ్మజూపడమే. 17సి ప్రకారం సాగుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణి సంరక్షణ చూసే పెద్ద అధికారి) ఇచ్చే లైసెన్సు కావాలి. 17జి ప్రకారం లైసెన్సు ఉన్న డీలరు దగ్గరే కొనాలి. "నర్సరీ హైబ్రిడ్లకు ఇదంతా ఎందుకు?" అని అడుగుతారు. షెడ్యూలు జాతి మొత్తాన్నీ చేర్చింది, హైబ్రిడ్లను విడిగా మినహాయించలేదు. రాసిలేని మినహాయింపును నమ్ముకోవద్దు.

అన్నిటికంటే మీరు గుర్తుంచుకోవలసింది సెక్షన్ 57. మొక్క మీ దగ్గర ఉన్నట్టు రుజువైతే చాలు, అది చట్టవిరుద్ధంగానే ఉందని కోర్టు భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం మీదే. అందుకే కాగితం అంత ముఖ్యం. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అధికారి ఒప్పుకుంటే సెక్షన్ 54 కింద డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలుంది, కానీ అది మీ హక్కు కాదు.

ఇప్పుడు మీ కుండీల సంగతి. బిల్లున్న మూడింటి విషయంలో ఆ నర్సరీకి ఈమెయిల్ రాసి డీలరు లైసెన్సు నకలు అడగండి. అది వస్తే బిల్లుతో జతచేసి, జిల్లా అటవీ అధికారి ద్వారా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు సాగు లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టండి. రాకపోతే, అడిగినట్టు ఆ ఈమెయిల్ అయినా మీ దగ్గర ఉంటుంది, మీ సదుద్దేశానికి అది సాక్ష్యం. షిల్లాంగ్ మొక్కే అసలు చిక్కు. మేఘాలయ అడవుల్లో ఇన్‌సిగ్నే అనే స్లిప్పర్ ఆర్కిడ్ సహజంగా పెరుగుతుంది. రోడ్డు పక్కన అమ్మేది అడవి నుంచి తెచ్చింది కాదని ఎవరూ చెప్పలేరు. దాన్ని ఎలా పొందారో ఉన్నదున్నట్టు రాసి, అటవీ శాఖకు అప్పగించడానికి సిద్ధమని లేఖ ఇవ్వడమే నా సలహా. అలా చెప్పినంత మాత్రాన కేసు ఉండదని నేను హామీ ఇవ్వలేను. కాబట్టి లేఖను మీ ఊళ్లో ఒక క్రిమినల్ లాయరుకు చూపించాకే ఇవ్వండి. మీ ఆడపడుచు పేరు కూడా అందులోకి వస్తుంది, ఆమెకు ముందే చెప్పండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకూ ఒక మాట. ఈ జాతి అంతా సైటీస్ ఒప్పందంలోని (అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. పర్మిట్లు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా సూట్‌కేసులో పెట్టుకుని రావద్దు.

ఇంట్లో మొక్కకు ఫోటో తీయడం నేరం కాదు. ఉన్న ఫోటోలు తీసేయవద్దు. తీసేసినంత మాత్రాన మొక్క చట్టబద్ధం కాదు, పైగా సాక్ష్యం దాచినట్టు కనిపిస్తుంది.

ఫోటో మీద కాపీరైటు మీదే. 1957 చట్టం ప్రకారం తీసినవారే దాని మొదటి యజమాని, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ అమ్మకందారు లింకుతో సహా వెబ్‌సైటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, 36 గంటల్లో తొలగించాలని 2013 కాపీరైటు నిబంధనలు చెబుతున్నాయి. ఆ తర్వాత 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోకపోతే వాళ్లు మళ్లీ పెట్టవచ్చు. అయితే ఒక జాగ్రత్త. "ఈ ఫోటో నాది, మొక్క మా ఇంట్లోదే" అని రాసిన ఫిర్యాదు, మొక్క మీ దగ్గర ఉందని మీరే ఒప్పుకున్న కాగితం అవుతుంది. కనుక అటవీ శాఖకు లేఖ ముందు, ఈ ఫిర్యాదు తర్వాత. ఫోటోల అసలు ఫైళ్లు మాత్రం, తీసిన తేదీలు చెరిగిపోకుండా, ఇవాళే ఇంకో చోట కాపీ చేసి పెట్టుకోండి.